లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో చరిత్ర డిగ్రీ: మీ అమ్మాయి విషయంలో నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు న్యూజెర్సీలో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద పనిచేస్తూ గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నారు. అమ్మాయి ఆ వీసా ఉన్నవారి కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఉంది. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆమెకు కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. ఒహాయోలోని ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాల (ఒక్క వృత్తికి కాకుండా పలు సబ్జెక్టులు కలిపి డిగ్రీ స్థాయిలో చెప్పే కళాశాల) కూడా చేర్చుకుంటామని, కొంత ఆర్థిక సాయం ఇస్తామని ఉత్తరం పంపింది. ఆమె రెండోదానికే వెళ్లి చరిత్ర చదువుతానని పట్టుబట్టింది. "చరిత్ర పుస్తకాలు లైబ్రరీ నుంచి తెచ్చుకుని ఇంట్లోనే చదువుకోవచ్చు కదా, దానికి నాలుగేళ్లూ ఇంత డబ్బూ ఎందుకు?" అని మీరు అడిగారు.

నేను ఇలాంటి చిన్న కళాశాలల్లోనే ఇరవై ఏళ్లకు పైగా చరిత్ర చెప్పాను. పుస్తకాలు ఇంట్లో చదువుకోవచ్చన్నది నిజమే. ఇంట్లో దొరకనిది ఒకటుంది. మీ అమ్మాయి రాసిన ప్రతి వాక్యాన్నీ, ఆ విషయం మీద ఏళ్ల తరబడి పని చేసిన ఒక మనిషి చదివి, "ఇది నీకెలా తెలుసు?" అని నాలుగేళ్లపాటు వదలకుండా అడగడం. మీరు డబ్బు కట్టేది దానికే. అది నిజంగా దొరికే చోటైతే పంపండి. దొరకని చోటైతే ఎంత పేరున్న కళాశాలైనా ఆ ఖర్చు దండగ.

మనలో చాలామందికి చరిత్ర అనగానే ఇంటర్‌లో హెచ్‌ఈసీ గ్రూపు గుర్తొస్తుంది. ఎంపీసీ, బైపీసీ దక్కనివాళ్లకు మిగిలేది అదేనన్న చిన్నచూపు కూడా దాని వెంటే వస్తుంది. ఆ తర్వాత చరిత్రతో పని పడేది గ్రూప్స్ పరీక్షలకు కూర్చున్నప్పుడు. శాశ్వత శిస్తు నిర్ణయం ఎప్పుడు? 1793. ఎవరు? కార్న్‌వాలిస్. బిట్టుకు ఒక మార్కు. ఈ పద్ధతిలో చదివినవాళ్లకు చరిత్ర నాలుగేళ్ల చదువుగా కనిపించకపోవడం సహజం. అందుకే అక్కడి తరగతి గదిలో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

అమెరికాలో ఆర్థిక మాంద్యం నాటి సంగతి. పని లేని రచయితలకు పని కల్పించడానికి ఫెడరల్ ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. అందులో భాగంగా 1936 నుంచి 1938 దాకా దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగి, ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్లు 2,300 మందికి పైగా చెప్పిన మాటలు రాసుకున్నారు. దక్షిణ కరొలైనాలోని చార్ల్స్‌టన్‌లో, వందేళ్లు దాటాయని చెప్పుకున్న ఒక వృద్ధురాలితో 1937లో ఇద్దరు వేర్వేరుగా మాట్లాడారు. ఒకరు జెస్సీ బట్లర్ అనే తెల్ల మహిళ, మరొకరు ఆగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి వ్యక్తి. ఒక కాగితంలో ఆమె పేరు సూసన్ హామ్లిన్, మరోదానిలో సూసన్ హామిల్టన్.

మొదటి ఏడాది విద్యార్థులకు నేను ఈ రెండు కాగితాలూ ఇచ్చేదాన్ని, ఇద్దరూ ఒకరేనని చెప్పకుండా. బట్లర్ రాసుకున్న దానిలో యజమాని మంచివాడు, ఆయన అత్తవారివైపు మనుషులూ మంచివాళ్లే. లాడ్సన్ రాసుకున్న దానిలో కొరడా దెబ్బలున్నాయి, తల్లుల నుంచి పిల్లలను విడదీసి అమ్మేయడం ఉంది, పెళ్లయిన మర్నాడే విడిపోయిన జంట ఉంది. కాసేపటికి ఎవరో ఒకరు తలెత్తి, "యజమాని పేరు రెండింటిలోనూ ఒకటే!" అంటారు. అక్కడి నుంచి తరగతి నా చేతిలో ఉండదు.

ఒకే మనిషి ఇద్దరికి రెండు కథలు ఎందుకు చెప్పింది? బట్లర్‌ను ఆ ముసలామె ప్రభుత్వ సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిన మనిషి అనుకుంది. మాంద్యం రోజుల్లో, చేతిలో చిల్లిగవ్వ లేని నల్లజాతి వృద్ధురాలు, సాయం ఇప్పించగలదనుకున్న తెల్లావిడతో ఏం మాట్లాడుతుంది? ఈ మెట్టు దాకా పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. వెంటనే "అయితే లాడ్సన్ రాసిందే నిజం" అని తీర్పు చెప్పేస్తారు. వాళ్లను అక్కడ ఆగనివ్వను. లాడ్సన్ ఏ ప్రశ్నలు వేశాడు? ఆ ప్రశ్నలు కాగితంలో ఎందుకు లేవు? ఆమె యాసను ఆ స్పెల్లింగుల్లో రాయాలని నిర్ణయించింది ఎవరు? డెబ్బై ఏళ్ల కిందటి సంగతులు, ఇంత వయసు మీదపడిన మనిషి చెబుతున్నప్పుడు, అందులో చూసినది ఎంత, విన్నది ఎంత? ఇవన్నీ తేల్చుకున్నాక, ఈ రెండు కాగితాల నుంచి బానిసత్వం గురించి మనం గట్టిగా చెప్పగలిగిన మాటలు ఏవి? రెండు పేజీల్లో రాసుకురమ్మంటాను. ఈ పని పన్నెండు మంది ఉన్న గదిలోనే సాగుతుంది. రెండు వందల మంది కూర్చునే హాలులో సాగదు.

ఇక రాత సంగతి. పెద్ద విశ్వవిద్యాలయాల్లోలా వ్యాసాలు దిద్దిపెట్టే పీహెచ్‌డీ విద్యార్థులు లిబరల్ ఆర్ట్స్ కళాశాలల్లో సాధారణంగా ఉండరు కనుక వ్యాసాలు దిద్దేది ప్రొఫెసరే. మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కళాశాలలో ట్యుటోరియల్ అనే పద్ధతి ఉంది. ఇద్దరేసి విద్యార్థులు వారానికోసారి ప్రొఫెసర్ దగ్గర కూర్చుంటారు. ఒకరు వ్యాసం రాసుకొస్తే రెండోవారు దాన్ని విమర్శిస్తారు. మరుసటి వారం పాత్రలు తారుమారు. అన్ని కళాశాలల్లోనూ ఇంత పకడ్బందీగా ఉండదుగానీ, అసలు ఉద్దేశం అన్నిచోట్లా ఇదే.

వ్యాసం దిద్దడమంటే ఎలా ఉంటుందో కూడా చూడండి. మీ అమ్మాయి వెళ్లేది ఒహాయోకే కనుక అక్కడిదే తీసుకుంటాను. కెంటకీ నుంచి బానిసత్వం తప్పించుకుని ఒబర్లిన్ ఊళ్లో ఉంటున్న జాన్ ప్రైస్‌ను 1858 సెప్టెంబరులో పట్టుకుని, పక్కనున్న వెల్లింగ్టన్‌కు తీసుకుపోయారు. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలన్న 1850 నాటి చట్టం ప్రకారం అది చట్టబద్ధమే. ఒబర్లిన్ జనం వెంటపడి వెళ్లి అతన్ని విడిపించారు. నా విద్యార్థిని ఒకమ్మాయి తొలి చిత్తుప్రతిలో ఇలా రాసింది: "ఆగ్రహించిన ప్రజలు జాన్ ప్రైస్‌ను విడిపించారు." పక్కన మార్జిన్‌లో నేను రాసిన ప్రశ్నలు: ఏ ప్రజలు? ఆగ్రహించారని ఎవరన్నారు, ఎప్పుడన్నారు? ఆమె మళ్లీ లైబ్రరీకి వెళ్లింది. అభియోగం మోపింది 37 మంది మీదని, వాళ్లలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఉన్నారని, విద్యార్థులున్నారని, ఒక ప్రొఫెసర్ కూడా ఉన్నాడని తెలుసుకుంది. విచారణ ఇద్దరి మీదే జరిగింది. తెల్లవాడైన సైమియన్ బుష్నెల్‌కు 60 రోజుల జైలు పడితే, నల్లవాడైన చార్ల్స్ లాంగ్‌స్టన్‌కు 20 రోజులే పడింది. శిక్ష వినిపించే ముందు లాంగ్‌స్టన్ కోర్టులో చేసిన ప్రసంగం దొరికింది. నల్లవాడికి ఈ కోర్టులో న్యాయమైన విచారణ జరిగే వీలే లేదని న్యాయమూర్తి ముఖం మీదే వాదించిన ప్రసంగం అది.

ఆ తర్వాత ఆమె వ్యాసం పూర్తిగా మారిపోయింది. ఊళ్లో అందరూ ఒక్కటే అన్న కథ పోయింది. అదే పని చేసినందుకు ఎవరు ఎంత ప్రమాదం నెత్తిన వేసుకున్నారన్న ప్రశ్న దాని స్థానంలోకి వచ్చింది. ఈ మార్పు తెచ్చింది మార్జిన్‌లోని రెండు ప్రశ్నలు, మళ్లీ లైబ్రరీకి వెళ్లే ఓపిక. ఇంట్లో ఒంటరిగా పుస్తకం చదివేవాళ్లను ఆ ప్రశ్నలు అడిగేదెవరు?

ఇప్పుడు కళాశాలను ఎలా అంచనా వేయాలో చెబుతాను. ర్యాంకులు పక్కన పెట్టండి. చివరి ఏడాది చరిత్ర విద్యార్థులు ఏం చేస్తారో అడగండి, అది చాలు. పోర్ట్‌లండ్‌లోని రీడ్ కళాశాలలో ఏ సబ్జెక్టు వారైనా థీసిస్ రాయకుండా డిగ్రీ రాదు. ఒహాయోలోనే ఉన్న వూస్టర్ కళాశాలలో ప్రతి విద్యార్థీ ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో సొంత పరిశోధన చేసి తీరాలి. అది సమర్పించిన రోజున చేతిలో ఒక చాక్లెట్ మిఠాయి పెడతారు. ఏడాది కష్టానికి ఆ చిన్న మిఠాయిని పిల్లలు ఎంతో మురిపెంగా అందుకుంటారు. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్‌లో 1922 నుంచి ఆనర్స్ పద్ధతి నడుస్తోంది. బయటి విశ్వవిద్యాలయాల నుంచి పరీక్షకులు వచ్చి రాత పరీక్షా మౌఖిక పరీక్షా పెడతారు. కనుక చదువు చెప్పిన ప్రొఫెసర్, విద్యార్థి ఒకే పక్షాన నిలబడి మూడో మనిషిని ఎదుర్కొంటారు. మీ అమ్మాయికి సీటిచ్చిన కళాశాలలో ఇలాంటిది ఉందా? అందరికీ ఉందా, కొద్దిమందికేనా? గత రెండు మూడేళ్లలో చరిత్ర విద్యార్థులు రాసిన థీసిస్‌ల పేర్లు చూపించగలరా? చూపించలేకపోతే నేను అనుమానిస్తాను.

చిన్న కళాశాలకున్న లోటు కూడా చెప్పాలి. చరిత్ర శాఖలో ఉండేది పది మంది అటూఇటూ. దక్షిణాసియా చరిత్ర చెప్పేవారు ఒక్కరుంటే గొప్ప, చాలాచోట్ల ఎవరూ ఉండరు. ఆ ఒక్కరూ పరిశోధన సెలవు మీద వెళితే ఆ ఏడాది అంతా ఆ కోర్సులు ఆగిపోతాయి. కళాశాల వెబ్‌సైటులోని కోర్సుల జాబితా చూసి మోసపోకండి. అందులో ఎప్పుడో ఒకసారి చెప్పినవి కూడా ఉంటాయి. గత నాలుగు సెమిస్టర్లలో నిజంగా ఏవి నడిచాయో అడగండి. పెద్ద విశ్వవిద్యాలయానికి ఇక్కడ స్పష్టమైన ఆధిక్యం ఉంది. అధ్యాపకులు ఎక్కువ, లైబ్రరీ పెద్దది. భారత చరిత్రే చదవాలన్న పట్టుదల ఆమెకు ఇప్పటికే ఉంటే, ఈ ఒక్క కారణంతోనే చిన్న కళాశాల వద్దని చెప్పడానికి నేను వెనకాడను. కొన్నిచోట్ల దీనికి దారి కూడా ఉంది. హావర్‌ఫర్డ్, బ్రిన్ మార్, స్వార్త్‌మోర్ కళాశాలల విద్యార్థులు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కూడా కోర్సులు తీసుకోవచ్చు. మీ అమ్మాయి కళాశాలకు ఇలాంటి ఒప్పందం ఏదైనా ఉందేమో కనుక్కోండి.

ఇక్కడే ఆమెకు తెలుగు చదవడం వచ్చా అని అడగాలని ఉంది. మాట్లాడటం కాదు, చదవడం. వస్తే అది చరిత్ర విద్యార్థికి పెద్ద ఆస్తి. 1800 తర్వాత ఇరవై ఏళ్లపాటు ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులైన కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి పోగుచేసిన కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, మన భాషలోనే ఉన్నాయి. ఒక ఊరి కరణం తన ఊరి కథ చెబుతున్నాడంటే, ఎదుట కూర్చున్నది కంపెనీ సర్వే అధికారి పంపిన మనిషని అతనికి తెలుసు. ఏ ఇనాం ఎవరిదన్నది రేపు ఈ కాగితం మీద ఆధారపడవచ్చనీ తెలుసు. సూసన్ హామ్లిన్ మాటలను ఎంత జాగ్రత్తగా చదవాలో ఈ కరణం మాటలనూ అంత జాగ్రత్తగానే చదవాలి. అమెరికాలో బీఏ స్థాయిలో ఈ కాగితాలు చదవగలవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? అక్షరాలు రాకపోతే ఈ వేసవిలోనే మొదలుపెట్టమనండి. అది వృథా పోదు.

ఉద్యోగం మాటకు వద్దాం. మీ బెంగ అసలు దీని గురించేనని నాకు తెలుసు, ఆ బెంగలో తప్పు లేదు. అమెరికాలో చరిత్ర ప్రధానంగా బ్యాచిలర్ డిగ్రీ తీసుకున్నవాళ్లు 2008లో 34 వేలకు పైగా ఉంటే 2017 నాటికి 24 వేల చిల్లరకు పడిపోయారు. 2008 మాంద్యం తర్వాత తల్లిదండ్రులందరూ మీలాగే ఆలోచించారు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీతో వచ్చే మొదటి జీతంతో చరిత్ర డిగ్రీ పోటీపడదు. ఈ మాట ఏ కళాశాల కరపత్రంలోనూ మీకు కనబడదు. మొదటి ఉద్యోగం దొరకడమూ కాస్త ఆలస్యం కావచ్చు. నా విద్యార్థుల్లో ఎక్కువమంది లా వైపు వెళ్లారు, కొందరు బడి టీచర్లయ్యారు, కొందరు పత్రికల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, మ్యూజియంలలో, కన్సల్టింగ్ సంస్థల్లో ఉన్నారు. లా స్కూలుకు ఫలానా మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఉండాలన్న నియమం లేదు. గుట్టలకొద్దీ కాగితాలు చదివి అందులోంచి వాదన తీయగలవారు అక్కడ నిలదొక్కుకుంటారు. డాక్టర్ కావాలన్న ఆలోచన ఎప్పుడైనా కలిగినా దారి మూసుకుపోదు. జీవశాస్త్రం, రసాయనం, భౌతికశాస్త్రం కోర్సులు ల్యాబులతో సహా పూర్తి చేస్తే చరిత్ర మేజర్‌తోనే మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేయవచ్చు.

ఒక్క దారి మాత్రం ఇప్పుడే కళ్లు తెరిచి చూడమంటాను. పీహెచ్‌డీ చేసి నాలా ప్రొఫెసర్ కావాలన్న కోరిక. 2008 తర్వాత చరిత్రలో శాశ్వత అధ్యాపక ఉద్యోగాలు బాగా తగ్గిపోయాయి. ఎంతో తెలివైన నా విద్యార్థులు ఎనిమిదేళ్లు పీహెచ్‌డీకి ధారపోసి, ఆ తర్వాత ఏడాదికో ఊరు చొప్పున తాత్కాలిక ఉద్యోగాలు చేయడం చూశాను. అది నాకు బాధాకరమైన విషయం. బీఏ చరిత్రను పీహెచ్‌డీకి తొలిమెట్టు అనుకుని పంపకండి.

అమెరికాలో మేజర్ ప్రకటించేది సాధారణంగా రెండో ఏడాది చివరన. ఇప్పుడు చరిత్ర అన్నంత మాత్రాన సంతకం పెట్టినట్టు కాదు. చరిత్ర మేజర్‌కు కావలసినవి పది కోర్సులు అటూఇటూ. మొత్తం డిగ్రీకి ముప్పై పైచిలుకు కోర్సులుంటాయి. మిగిలిన చోటులో ఆమె కంప్యూటర్ సైన్స్, గణాంకశాస్త్రం, అర్థశాస్త్రం హాయిగా చదవవచ్చు. రెండు మేజర్లూ చేయవచ్చు. మీ ఇంట్లో జరుగుతున్న వాదన ఒకటా రెండోదా అన్నట్టు సాగుతోంది. ఆ కళాశాల ఆమెను అలా అడగడం లేదు.

రెండో మేజర్ సంగతి మీకు వీసా కారణంగా ఇంకా ముఖ్యం. మీరు దీన్ని అడగలేదు, కానీ అన్నిటికంటే ముందు చూసుకోవలసింది ఇదే. హెచ్-4 మీద ఉన్న అమ్మాయికి 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. గ్రీన్ కార్డు ఆలోగా రాకపోతే ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకు మారాలి. మారడానికి నెలలు పడుతుంది కనుక ఇరవయ్యో ఏటే మొదలుపెట్టాలి. చదువు అయ్యాక ఎఫ్-1 మీద ఓపీటీ అనే తాత్కాలిక అనుమతి కింద పని చేయడానికి అందరికీ దొరికేది 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్న డిగ్రీలకు మరో 24 నెలలు అదనం. చరిత్ర ఆ జాబితాలో లేదు. ఒక్క ఏడాదిలో హెచ్-1బీ లాటరీ తగలాలంటే ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. చాలా కళాశాలలు ఈమధ్య తమ అర్థశాస్త్రం మేజర్‌ను స్టెమ్ కింద నమోదు చేసుకున్నాయి. కంప్యూటర్ సైన్స్, గణితం ఎలాగూ అందులో ఉన్నాయి. చరిత్రతోపాటు వీటిలో ఒకటి రెండో మేజర్‌గా పెట్టుకుంటే ఆమె చేతిలో మూడేళ్లు ఉండే వీలుంది. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక ఇమ్మిగ్రేషన్ వకీలుతో ఒకసారి కూర్చోండి.

డబ్బు సంగతీ దీనికి ముడిపడే ఉంది. పౌరులకూ గ్రీన్ కార్డున్నవాళ్లకూ దొరికే ఫెడరల్ సాయం మీ అమ్మాయికి దొరకదు. ఆ ఉత్తరంలో ఉన్నది కళాశాల తన సొంత నిధి నుంచి ఇస్తున్న డబ్బు. హెచ్-4 విద్యార్థులను చాలా ప్రైవేటు కళాశాలలు ఆర్థిక సాయం విషయంలో విదేశీ విద్యార్థులుగానే లెక్కగడతాయి. చేరేటప్పుడు అడగని సాయాన్ని విదేశీ విద్యార్థులు తర్వాత అడిగే వీలు చాలాచోట్ల ఉండదు. అందువల్ల మూడు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఈ సాయం నాలుగేళ్లూ ఉంటుందా, ఫీజు పెరిగితే అదీ పెరుగుతుందా, ఆమె ఎఫ్-1కు మారితే ఏమవుతుంది? సాయం పోను మీరు కట్టవలసినది రాష్ట్ర విశ్వవిద్యాలయం ఖర్చుకు దగ్గరగా ఉంటే నేను చిన్న కళాశాల వైపే మొగ్గుతాను. ఇల్లు తాకట్టు పెట్టాలన్నా, ఆమె పేరున పెద్ద ప్రైవేటు అప్పు చేయాలన్నా వద్దు. అప్పుడు రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే ఆనర్స్ కార్యక్రమంలో చేరి చరిత్ర సెమినార్లు తీసుకోమనండి. అక్కడా మంచి గురువులు దొరుకుతారు, కాకపోతే వాళ్లను వెతుక్కుంటూ ఆమే వెళ్లాలి.

హైదరాబాదు, విజయవాడల్లో ఉండి ఇది చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఈ రకం చదువు కోసం అమెరికాకే రానక్కర్లేదు. సోనీపత్‌లో అశోకా విశ్వవిద్యాలయం, మన శ్రీసిటీలోనే క్రియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడ కూడా ఇవే ప్రశ్నలు అడగండి.

చివరగా అమ్మాయి గురించి. వారానికి ఒక్కో కోర్సుకు వంద, నూట యాభై పేజీలు చదవాలి. గదిలో పన్నెండు మందే కనుక చదవకుండా వెళితే ఆ గంట గడవదు. మాట్లాడాలి, తన మాటను ఎదుటివాళ్లు కాదన్నప్పుడు నొచ్చుకోకుండా మళ్లీ ఆలోచించాలి. కష్టపడి రాసిన పేజీని కొట్టేసి కొత్తగా రాయాలి. చరిత్ర సినిమాలూ వీడియోలూ ఇష్టం కావడం వేరు, ఈ పని ఇష్టం కావడం వేరు. ఆమెకు ఏది ఇష్టమో మీరు ఊహించనక్కర్లేదు, చూసి తెలుసుకోవచ్చు. సీటొచ్చిన విద్యార్థులను ఏప్రిల్‌లో కళాశాలలు రమ్మని పిలుస్తాయి. ఆ రోజు క్యాంపస్ టూరు మానేసినా ఫర్వాలేదు, ఒక చరిత్ర సెమినార్‌లో ఆమె కూర్చునేలా ముందే అనుమతి అడగండి. ఆ వారం తరగతికి ఇచ్చిన పాఠ్యాన్ని తెప్పించుకుని చదివి వెళ్లమనండి. మీరు బయట ఉండండి. తిరుగు ప్రయాణంలో ఆమె దేని గురించి మాట్లాడుతుందో వినండి, మీరేమీ అడగకుండా.

జవాబు చెప్పడానికి సాధారణంగా మే 1 గడువు. ఆర్థిక సాయం కార్యాలయానికి ఉత్తరం ఈ వారమే రాయండి. వాళ్ల నుంచి సమాధానం వచ్చాక అంకెలు ఇక్కడ పెడితే, నేను కూడా చూసి చెబుతాను.